ధూళికి మనము ఋణపడితిమా?

మేలు చేయవలెనను తలంపే లేనిదానికి మనము ఋణపడుదుమా? ఈ ప్రశ్నను ఒక ధూళికణమును ముందుంచుకొని విచారింపదలచితిమి.

నక్షత్రముల నడుమ చీకటి మేఘములు కలవు. అచ్చటి శైత్యము సుమారు మైనస్ 263 డిగ్రీలు. అందు మిల్లీమీటరులో వెయ్యవవంతుకన్న చిన్నవగు ధూళికణములపై నీరు, కార్బన్ మోనాక్సైడు, అమ్మోనియా మంచుపొరగా పేరుకొనును. శూన్యమున రెండు పరమాణువులు ఎదురుపడినను, కలయికవలన పుట్టిన శక్తి పోవు దారిలేక సాధారణముగా విడిపోవును. కణముపై కలిసినచో ఆ శక్తిని కణము తాను గ్రహించును, కలయిక నిలుచును. ఇట్లు కార్బన్ మోనాక్సైడునకు హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా చేరి ఫార్మాల్డిహైడు, పిదప మిథైల్ ఆల్కహాలు ఏర్పడును. అతినీలలోహిత కిరణములు, విశ్వకిరణములు వీనిని తునకలు చేయగా, ఆ తునకలు మరల కూడి మరింత పెద్ద అణువులగును. చేరువలో నక్షత్రము పుట్టి వేడిమి తగిలినపుడు మంచు ఆవిరియై అవి వెలువడును.

2002లో ప్రయోగశాలలయందు ఇట్టి మంచుపై అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసి, మిగిలిన పదార్థమును పరీక్షింపగా, మాంసకృత్తులకు మూలములగు అమైనో ఆమ్లములు లభించినవి. బెన్ను అను గ్రహశకలమునుండి 2023లో భూమికి చేరిన మట్టిలో, జీవులు వాడు 20 అమైనో ఆమ్లములలో 14 కలవని 2025లో ప్రకటించిరి. అమైనో ఆమ్లము జీవము కాదు. ఇటుక ఇల్లు కానట్లే. భూమిపై మొదటి జీవము ఏ ఇటుకలతో కట్టబడెనో శాస్త్రము ఇంకను తేల్చలేదు. కాని మన కాలిక్రింది భూమియే అట్టి ధూళి కూడి ఏర్పడినది.

కణమునకు సంకల్పము లేదు గనుక ఋణమును లేదని కొందరందురు. లెక్కపుస్తకముల నడుమ జీవితము గడపిన మాకు ఈ వాదము చాలదని తోచుచున్నది. ఇచ్చినవాని మనసు తెలియకున్నను జమ జమయే. కృతజ్ఞత సంకల్పము గలవారికి చెల్లును. ఋణము పుచ్చుకొనుటచేతనే ఏర్పడును. అయిన దానిని తీర్చుటెట్లు? పితృఋణము తండ్రికి తిరిగి యిచ్చుటచే గాక, సంతానమును పెంచుటచే తీరునని మన పెద్దలు చెప్పిరి. ఇదియు నట్టిదే.

పరభాషాప్రాంతమున తరతరములుగా నిలిచిన మన కుటుంబములకు చోటు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. మన పూర్వులకు నీరిచ్చిన చెరువు వారి భాష యేదని యడుగలేదు. ఇద్దరు కలియునపుడు పుట్టు వేడిని తాను భరించి, ఆ కలయికకు చోటిచ్చుట ధూళికణము తెలియక చేసిన పని. మన వీథికి, మన సంఘమునకు క్రొత్తగా వచ్చినవారికై తెలిసి ఆ పని చేసినపుడే ఈ ఋణము కొంతయైన తీరునని మా విశ్వాసము.