తిమోతి కడుపు జబ్బు



ఆరాధన తర్వాత జరిగే ప్రేమవిందులో నేను పేపర్ ప్లేటు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుండటం మీలో కొందరు చూసే ఉంటారు. ప్లేటులో రెండు స్పూన్ల పెరుగన్నం ఉంటుంది. బిర్యానీ గిన్నె మూత తీయగానే నాకు కడుపులో తిప్పుతుంది. ఒక ఆదివారం వాష్‌రూమ్ నుంచి బయటికి వస్తుంటే ఒక ఆంటీ ప్రేమగా భుజం మీద చేయి వేసి, "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అడిగారు. నవ్వి తప్పించుకున్నాను. కారులో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు.

విశేషం ఏమీ లేదు. 2018లో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అందులో పొట్టలో దాదాపు ముప్పావు వంతు తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత సన్నటి గొట్టంలా కుడతారు. బరువు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. అందుకు దేవునికి స్తోత్రం. కానీ మూడేళ్ల తర్వాత వికారం మొదలైంది. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి, నోటికి టిష్యూ అడ్డం పెట్టుకుని మాట్లాడిన ఉదయాలు ఎన్నో.

రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. "కోరి తెచ్చుకున్నదే కదా" అంటారని భయం. అంతకంటే గట్టిగా ఆ మాట నాలోనే వినిపించేది: నోరు కట్టుకోలేక ఆపరేషన్‌కు వెళ్లావు, ఇది దాని శిక్ష అని. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో కూడా "ఒక పర్సనల్ విషయం" అని ఊరుకునేదాన్ని.

ఆ రోజుల్లో మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయం 23వ వచనం దగ్గర ఆగిపోయాను. ద్రాక్షారసం పుచ్చుకోవచ్చా, కూడదా అనే వాదన వచ్చినప్పుడే మనం ఆ వచనం తీస్తాం. అందులో ఒక మనిషి కడుపు ఉందన్న సంగతి నేను అంతవరకూ చూడలేదు. తిమోతికి కడుపు జబ్బు ఉంది, తరచూ బలహీనతలు వస్తున్నాయి. నీళ్లే తాగక కొంచెం ద్రాక్షారసం కూడా పుచ్చుకోమని పౌలు సలహా ఇస్తున్నాడు.

ఇది ఏ ఊరిలో ఉన్న మనిషికి రాసిన ఉత్తరమో చూడండి. ఎఫెసులో ఉన్న తిమోతికి. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో, పౌలు శరీరాన్ని తాకిన చేతిగుడ్డలు తీసుకువెళ్తే రోగులు స్వస్థపడిందీ ఆ ఎఫెసులోనే! తన సొంత కుమారుడిలాంటి తిమోతికి పౌలు ఒక గుడ్డ పంపలేదు. ఏ పాపం చేశావని అడగలేదు. విశ్వాసం చాలలేదనలేదు. ఈ కడుపుతో సేవ ఏం చేస్తావు, ఇంటికి వచ్చేయమనీ అనలేదు. సంఘ పెద్దల గురించి రాస్తూ రాస్తూ, మధ్యలో ఆగి కడుపు సంగతి పట్టించుకున్నాడు. అద్భుతం చేసే దేవుడే ఆ సలహా వెనుక కూడా ఉన్నాడు.

ఆ వచనం నన్ను డాక్టరు దగ్గరికి పంపింది. ఎండోస్కోపీలో పొట్ట మధ్యభాగం ఇరుకైనట్టు తేలింది, బెలూన్‌తో వెడల్పు చేశారు. రక్తపరీక్షలో విటమిన్ బి1 తక్కువగా ఉంది, మందులిచ్చారు. చిన్న ముద్దలు, నిదానంగా నమలడం, భోజనానికీ నీళ్లకూ మధ్య అరగంట విరామం, ఇవి నేర్చుకున్నాను. వికారం సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది. స్వస్థత కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. శిక్ష అనే మాటను మాత్రం ఇక నమ్మడం లేదు.

మీలో ఎవరైనా ఇలాగే దాచుకుని బాధపడుతున్నారా? దయచేసి చెప్పండి. ఏళ్ల తరబడి వికారం ఉంటే అది ఓర్చుకోవాల్సిన శిలువ అనుకోకండి. పుండు, ఇరుకు, యాసిడ్ పైకి తన్నడం, పిత్తాశయంలో రాళ్లు, ఏదైనా కారణం కావచ్చు, చాలావాటికి వైద్యం ఉంది. వాంతులు ఆగకుండా ఉండి నడక తూలినా, చూపు రెండుగా కనిపించినా, అయోమయంగా అనిపించినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చోకండి. ఉపవాసం మానినంత మాత్రాన ప్రార్థన ఆగదు.

వడ్డించే అక్కలారా, అమ్మలారా, మీ ప్రేమ నాకు తెలుసు. "ఇంకొంచెం వేసుకో" అనే మాటలోనే మన ఊరు ఉంది. కానీ ఎవరైనా వద్దంటే ఒక్కసారికే వదిలేయండి. ఎందుకని అందరిముందూ అడగకండి. పక్కన ఒక కుర్చీ వేసి, "కూర్చోమ్మా, మాట్లాడుకుందాం" అనండి చాలు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఒక సంగతి గుర్తొస్తుంది. అక్కడ అందరికీ ఒకే చిన్న ముక్క, ఒకే గుక్క. ఇంత తక్కువ తిన్నావేమని ఎవరూ అడగరు. చిన్న కడుపుతో వచ్చిన నేనూ అక్కడ అందరితో సమానంగా తింటాను. మన ప్రేమవిందు కూడా ఆ బల్లలాగే ఉండాలని నా మనవి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, తిమోతి కడుపును మరచిపోని దేవా, తినలేక, చెప్పుకోలేక మా మధ్య నవ్వుతూ తిరుగుతున్నవారిని జ్ఞాపకం చేసుకోండి. వారికి స్వస్థత, మంచి వైద్యులు, ఓర్పుగల స్నేహితులు దయచేయండి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.