ఉమ్మడి బాధ్యత ఎవరిది?

నలుగురు పంచుకున్న బాధ్యత చివరికి ఎవరిది? ఇది తర్కం కోసం వేసుకున్న ప్రశ్న కాదు. నా గడప దగ్గరే పుట్టింది.

మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పనికిరాకుండా పోతే కొత్తది కొనటానికి వెళ్ళాను. పాతది తెచ్చిస్తే ధర కొంత తగ్గిస్తామన్నారు. వీధిలో పాత ఇనప సామాన్లు కొనే మనిషి అంతకంటే రెండు వందలు ఎక్కువ ఇస్తానన్నాడు. అతనికే అమ్మాను. ఆ రెండు వందలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అప్పుడు నేను అడగలేదు. అడగటానికి కొన్నాళ్ళు పట్టింది.

బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. సీసాన్ని ఎన్నిసార్లు కరిగించినా దాని గుణం పోదు. పాత బ్యాటరీ నుంచి కొత్త బ్యాటరీ, అది పాతబడితే మళ్ళీ ఇంకొకటి. కాగితం మీద ఇంతకంటే చక్కని వలయం లేదు. కాని ఈ పని రెండు విధాలుగా జరుగుతుంది. సక్రమమైన కార్ఖానాలో బ్యాటరీని యంత్రం పగలగొడుతుంది; ఆమ్లాన్ని శుద్ధి చేస్తారు; పొగను వడగడతారు. వీటన్నిటికీ డబ్బు కావాలి. ఊరి చివర గుంట దగ్గర గొడ్డలితో పగలగొట్టి, ఆమ్లాన్ని నేల మీద పారబోసి, బొగ్గుల మీద సీసం కరిగిస్తారు. పొగ గాలిలో కలుస్తుంది. ఇక్కడ ఖర్చు లేదు గనక పాత బ్యాటరీకి ఎక్కువ ధర పెట్టగలవాడు గుంటవాడే. నా బ్యాటరీ అక్కడికే చేరిందని రుజువు చెయ్యలేను. చేరలేదనీ చెప్పలేను. నా దగ్గర రసీదు లేదు.

గుంట దగ్గర మిగిలిన ఖర్చు మాయమైపోదు. అది సీసం కరిగించేవాడి రక్తంలోకీ, చుట్టుపక్కల ఆడుకునే పిల్లల ఎముకల్లోకీ పోతుంది. సీసం ఇంత వరకు ఒంట్లో చేరినా ప్రమాదం లేదని చెప్పగల మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. సెనెగల్ రాజధాని డాకర్ శివార్లలో తియరాయ్ సుర్ మేర్ అనే చోట, పాత బ్యాటరీలు కరిగించిన నేల నుంచి సీసం ఏరుకునేవారి బస్తీలో, 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు. అక్కడి సీసం ధర ఆ పిల్లలు చెల్లించారు.

ఈ వలయాన్ని గురించి మేధావులు ఆలోచించకపోలేదు. వాడిన సరుకును వెనక్కి సేకరించే పని తయారీదారు చెయ్యాలా, దుకాణదారు చెయ్యాలా, మూడో పక్షానికి అప్పగించాలా అని 2004లో సవాస్కన్, భట్టాచార్య, వాన్ వాసెన్‌హోవ్ లెక్క కట్టారు. కొనేవాడికి దగ్గరగా ఉన్న దుకాణదారే మేలని తేల్చారు. లెక్కను నేను తప్పు పట్టను. కాని అందులోని పాత్రలందరూ ఒప్పందం మీద సంతకం చెయ్యగలవాళ్ళే. గొడ్డలి పట్టుకున్నవాడు ఆ లెక్కలో లేడు. అక్కడ సమన్వయమంటే లాభాన్నీ ఖర్చునూ ఒప్పందంలో ఉన్నవాళ్ళు తమలో తాము సర్దుకోవటమే.

చట్టం కొంత ముందుకు వచ్చింది. సరుకు చేసినవాడే దాని చావుకు కూడా బాధ్యుడన్న సూత్రాన్ని 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించాడు. మన దేశంలో 2001 నియమాలు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకోవాలన్నాయి. 2022 నియమాలు ఆ భారాన్ని స్పష్టంగా ఉత్పత్తిదారు మీద మోపాయి. పరిహారం కట్టినంత మాత్రాన బాధ్యత తీరదని కూడా చెప్పాయి. మంచిదే. అయితే శుద్ధి చేసినవాడు ఇచ్చే సర్టిఫికెట్టును ఉత్పత్తిదారు కొనుక్కోవచ్చు. బాధ్యత కూడా సరుకైంది. సర్టిఫికెట్టు ఎన్ని కిలోల సీసం తిరిగివచ్చిందో చెబుతుంది. దారి తప్పిన బ్యాటరీని ఎవరు ఏ ఊపిరితో కరిగించారో చెప్పదు.

"రెండు వందలకు ఆశపడ్డది నువ్వేగా!" అన్నాడొక మిత్రుడు. నిజమే. ఆ తప్పు నాదే. కాని తప్పు ఒప్పుకోవటం వేరు, బాధ్యతను సమానంగా పంచటం వేరు. ఎవరు ఏమి మార్చగలరో చూడాలి. నేను రెండు వందలు వదులుకోగలను. సామాన్లు కొనేవాడు వదులుకుంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. ఉత్పత్తిదారు ధరను మార్చగలడు, ధరావత్తు పెట్టగలడు, పాత బ్యాటరీకి గుంటవాడికంటే ఎక్కువ ఇవ్వగలడు. ఎవరికెంత శక్తి ఉందో వారికంత బాధ్యత. అందరూ సమానంగా దోషులేననే బూర్జువా నీతి, శక్తి ఉన్నవాణ్ణి గుంపులో దాచిపెడుతుంది.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. ఉమ్మడితనం పనికిరాదనటానికి దాన్ని వాడుతుంటారు. ఈ గొడ్డు ఉమ్మడిది కాదు. దీని పాలు ఒకరివి, పేడ మాత్రమే అందరిదీ. పాలు పంచనివాడు పేడ పంచుకుందాం రమ్మంటే దాన్ని సమన్వయమని ఎలా అనగలం?

గుంటవాణ్ణి జైల్లో పెడితే ఈ సమస్య తీరదు. గుంట ఇంకో ఊరికి మారుతుంది. పూణేలో చెత్త ఏరుకునేవారు 1993లో సంఘం పెట్టుకున్నారు. ఆ తరవాత వారి సహకార సంఘమే నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్ళి చెత్త సేకరిస్తున్నది. లెక్కలో లేనివాళ్ళు సంతకం చేసేవాళ్ళయ్యారు. బ్యాటరీల విషయంలోనూ ఇదే కావాలి: కొనేటప్పుడే తగినంత ధరావత్తు, సేకరించేవాడికి గుర్తింపూ కూలీ, కరిగించే పని సక్రమమైన కార్ఖానాలోనే, ఆ ఖర్చంతా ఉత్పత్తిదారు పద్దులో.

ఇప్పుడు నేను పాత బ్యాటరీ దుకాణంలోనే ఇచ్చి రసీదు అడుగుతున్నాను. దానివల్ల నా మనసు కొంత కుదుటపడింది. గుంట మాత్రం ఆరలేదు. అందుకే, నా మనసు కుదుటపడటాన్ని పరిష్కారమని ఎవరైనా మెచ్చుకుంటే నేను ఒప్పుకోను.