వంటయింటి వారసత్వము

తండ్రి తన పొలమును కొడుకునకు వ్రాసియిచ్చును. దానికి దస్తావేజు కలదు, సాక్షులు కలరు. తల్లి తన చేతినేర్పును కూతునకు విడిచిపోవును. దానికి కాగితము లేదు గాని యొక విచిత్రమైన షరతు కలదు. ఆ యాస్తిని పుచ్చుకొన్న దినము మొదలు బ్రదికినంతకాలము దాని శిస్తును ఆ కూతురే తన ఒడలి కష్టముతో చెల్లింపవలయును. చెల్లింపనిచో కులాచారమును తెంచినదను నింద వచ్చును. ఈ షరతు ధర్మమగునా? ఈ ప్రశ్నను విచారించుటకు దూరదేశపు రొట్టె నొకదానిని తీసికొనుచున్నాను. మన యింటి పిండివంటనే తీసికొన్నచో మనకు కోపము ముందు వచ్చును, ఆలోచన వెనుక వచ్చును.

ఆల్ప్సు పర్వతముల దిగువను స్లొవేనియా యను చిన్న దేశము కలదు. జనసంఖ్య 20 లక్షలకు కొంచెము మించును. క్రిస్మసునకును ఈస్టరునకును అచ్చటి యిండ్లలో చేయు చుట్టురొట్టెకు పొతీత్స యని పేరు. కడపటి యక్షరము మన ‘చలి’ యను మాటలోని దంత్యచకారమును పోలియుండును. అమెరికాలో కాగితముపై చూచి చదువువారు దానిని ‘పోటికా’ యని పలికి ముసలమ్మలను నవ్వించుచుందురు. పూర్వము దీనిని పొవితీత్స యనెడివారు. చుట్టుట యను క్రియనుండి యా పేరు వచ్చినది. 1575లో మతసంస్కర్త ప్రిమోజ్ త్రుబార్ వ్రాతలలో ఈ మాట కనబడుచున్నది. 1689లో వల్వజోర్ అను పండితుడు తన సీమను గూర్చి రచించిన పెద్ద గ్రంథములో ఈ భక్ష్యమును వర్ణించెను. 2021లో ఐరోపా సమాఖ్య దీనిని సంప్రదాయవస్తువుగా నమోదు చేసికొన్నది.

పేరు చిన్నది, పని పెద్దది. పాలు, వెన్న, గ్రుడ్లు కలిపి గోదుమపిండిని పులియబెట్టవలయును. అక్రోటు పప్పును మెత్తగా విసరి, తేనెయు వేడిపాలును దాల్చినచెక్కయు చేర్చవలయును. పులిసిన పిండిని వెడల్పుగా వత్తి, దానిపై ఈ పూర్ణమును అంచులవరకు సమముగా పూసి, బిగువుగా చుట్టవలయును. గదిలో చలిగాలి చొరరాదు. చుట్టను సూదితో పొడిచి లోని గాలిని వెడలింపవలయును. పిమ్మట నడుమ బొడిపెగల గుండ్రని మట్టి యచ్చులో నుంచి కాల్తురు. కోసినప్పుడు ముక్కలో సుడివంటి చుట్టలు ఎడము లేక కనబడవలయును. ఎచ్చటనైన బొక్క యున్నచో బల్లవద్ద కూర్చున్న చుట్టములందఱును చూతురు. ఆ ముక్క యామె పరీక్షాపత్రము. పిండి యెంత పోయవలయునని కూతురు అడిగినచో, “చేతికి అంటకుండునంత” యని తల్లి చెప్పును. అరిసెల పాకమును నీటిలో వేసి వ్రేళ్ళతో ఉండచేసి చూచు మన తల్లులకు ఈ సమాధానము క్రొత్తది కాదు.

1880 ప్రాంతము మొదలు 1914 వఱకు స్లొవేనులు వేలకొలదిగా అమెరికాకు వలసపోయిరి. క్లీవ్‌లండు ఉక్కు కర్మాగారములకును, మిన్నెసోటాలోని ఈలీ, ఎవెలెత్, చిషోమ్ మొదలగు ఊళ్ళ యినుపగనులకును కూలికి పోయిరి. అప్పటికి వారి దేశమునకు పటములో పేరు లేదు. అది 1918 వఱకు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. కావున అనేకులను ఆస్ట్రియనులని వ్రాసికొనిరి. లెక్కలలో లేని జాతి పండుగనాటి బల్లమీద నుండెను. దానిని అచ్చట నిలిపినవారు స్త్రీలు. గనికూలివాని భార్య తన సంసారముతోపాటు కూటికి ఇంట దిగిన పరుల బట్టలను గూడ ఉదుకుచు, వారికి మూడుపూటల వండుచు, పండుగవచ్చినచో నిద్రమాని ఈ రొట్టెను చేసెడిది.

ఇచ్చట నొక విశేషము గమనింపదగియున్నది. మట్టి యచ్చు దొరకనిచోట సామాన్యమైన పొడుగు రేకుపెట్టెలో రొట్టెను కాల్చిరి. గనుల సీమలో పిండిని బల్లపై పఱచిన గుడ్డమీద లాగిలాగి, కాగితమంత పలుచన చేయుట వాడుకయైనది. మాతృదేశపు పొతీత్సలో పిండి అంతకంటె మందము. అచ్చు మాఱెను, మందము మాఱెను. మార్చినవారు ఆచారద్రోహులు గారు. మనుమలు ‘అమ్మమ్మ రొట్టె’ యని పూజించున దీ మాఱినదానినే. కావున ఆచారమునందు మార్పు పనికిరాదనువారికి ఈ రొట్టెయే సాక్ష్యము చెప్పదు.

1924 శాసనముచే వలసలు సన్నగిల్లెను. మనుమలనాటికి ఇండ్లలో భాషయు సన్నగిల్లెను. రొట్టె మాత్రము పెండ్లిండ్లలోను, చావు తరువాతి భోజనములలోను నిలిచియున్నది. భాష పోయినపిదప రొట్టె మిగులుట వట్టి నాలుకతీపి యని కొందఱందురు. నే నంత కఠినముగా చెప్పజాలను. మనుమరాలికి ఆ భాషలో వచ్చిన ఒక్కమాట ఇదియే యైనను, ఆ మాటవెంట ఒక స్త్రీ పడిన కష్టము వినబడుచున్నచో అది వ్యర్థము గాదు. కాని ఆ మనుమరాలు బడిలో పాఠములు చెప్పియో, ఆసుపత్రిలో పనిచేసియో అలసివచ్చినపుడు, “నీ వొక్కతెవు చేయకున్నచో మన వంశము మఱచిపోవును” అనుట న్యాయము గాదు. వంశములో ఆమె యొక్కతెయే లేదు గదా!

1926లో మేరీ ప్రిస్లాండ్ పూనికతో అమెరికాలో స్లొవేనియన్ మహిళాసంఘము వెలసెను. సభలు జరుపుకొని, పత్రిక నడపుకొన్న స్త్రీలు వీరు. 1950ల దశకమున వీరొక పాకశాస్త్రమును ప్రకటించిరి. దాని పేరునకు ‘స్త్రీకి కీర్తి వంటయిల్లు’ అని యర్థము. ఆ గ్రంథమును నేను తక్కువచేయను. చేతిలోని నేర్పును గిన్నెల కొలతలలోనికి తెచ్చుట గొప్ప యుపకారము. అచ్చుపడిన కొలత కూతురిదే కాదు, అక్షరము వచ్చిన కొడుకుది కూడను. కాని పుస్తకము తెఱచిన తలుపును అట్టమీది పేరు మూసివేసినది.

కొలత చాలదు, పక్కన నిలిచి చూడవలయునందురు. నిజమే. పక్కన నిలుచుటకు ఆడుబిడ్డయే కావలయునని ఏ పిండియు కోరలేదు. అంగట కొనరాదా యని అడుగువారును కలరు. ఆ గనుల ఊళ్ళలో రొట్టెలవాండ్రు పొతీత్సను చేసి అమ్ముచునే యున్నారు. తపాలాలో తెప్పించుకొనువారును కలరు. అందు సిగ్గుపడవలసినది లేదు. అయినను, కొన్న రొట్టెతో ఒక దినమెల్ల ఒక బల్లచుట్టు నిలిచి మాటలాడుకొను భాగ్యము రాదు. ఈ నష్టము నా వాదమునకు ఎదురే యని యెఱుగుదును, దాచుట యేల?

కొన్ని చర్చిల భోజనశాలలలో పండుగకు ముందు పలువురు కూడి ఈ రొట్టెలను చేయుచుందురు. ఒకరు పప్పు విసరుదురు, ఒకరు పూర్ణము పూయుదురు. బల్లనిండ పిండిని చినుగకుండ లాగుటకు నాలుగువైపుల చేతులున్నచో సులువు. ఇంటిలో ఒక్కతెయే బల్లచుట్టు తిరుగుచు నాలుగువైపులను తానే లాగవచ్చును, చాలమంది యట్లే లాగిరి. తక్కిన మూడువైపుల నిలువదగినవారు పక్కగదిలో కూర్చుండి, ఇంకను కాలలేదా యని అడుగుచుండిరి.