మిసెస్ ఎక్స్‌ని ఎవరడిగారు?

1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకుంటూ అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఇచ్చిన ఉపన్యాసం చివర్లో ఒక చిన్న కథ ఉంది. మిస్టర్ ఎక్స్‌కి గొంతునొప్పి. పెన్సిలిన్ కొనుక్కుని తనంతట తనే వాడతాడు. ఆ మోతాదు సూక్ష్మజీవుల్ని చంపడానికి చాలదు, మందుని తట్టుకోవడం వాటికి నేర్పడానికి మాత్రం సరిపోతుంది. అవి భార్యకి సోకుతాయి. ఆవిడకి న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచెయ్యదు, చనిపోతుంది. ఈ చావుకి బాధ్యులెవరని ఫ్లెమింగే అడిగి, భర్త నిర్లక్ష్యమేనని తనే జవాబు చెప్పి, వాడితే సరిపడా వాడండని నీతితో ముగిస్తాడు.

మందులకి నిరోధకత గురించి మాట్లాడే డాక్టర్లు దీన్ని జోస్యంలా చెప్తారు. (నిజానికి ఆయన కథకి ఎంచుకున్నది స్ట్రెప్టోకాకస్. గొంతునొప్పి తెచ్చే ఆ రకం ఇవాళ్టికీ పెన్సిలిన్‌కి తట్టుకోలేదు. తట్టుకున్నవి వేరే.) స్త్రీల కథల్లో జబ్బు అనే విషయం మీద డాక్టరేట్ చేసిన నాకు మాత్రం ఆ భార్య దగ్గరే చూపు ఆగిపోయింది. ఆవిడకి సొంత పేరు లేదు, మొగుడి అక్షరమే ఆవిడ పేరు. ఒక్క మాట మాట్లాడదు. మొగుడి తప్పుకి రుజువుగా చనిపోవడమే ఆవిడకి కథలో ఉన్న పని. తనకే మందు ఇస్తున్నారో, అది పనిచేస్తుందో లేదో ఆవిడకి ఎవరైనా చెప్పారా? ఫ్లెమింగ్‌కి ఆ ప్రశ్న తట్టినట్టు లేదు.

నేనుండేది అమీర్‌పేటలో. మైత్రీవనం వెనక సందుల్లో కోచింగ్ సెంటర్ల మధ్య ఆడపిల్లల హాస్టళ్లు ఒకదాన్నానుకుని ఒకటి ఉంటాయి. జావా నేర్చుకోడానికో, గ్రూప్ వన్‌కి చదవడానికో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు. క్లాసులో కూర్చుంటే ఐదారు గంటలు లేవరు. సెంటర్లో బాత్రూం వాడలేక నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మూత్రంలో మంట. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక కింద మెడికల్ షాపుకి వెళ్లి, కౌంటర్లో అబ్బాయి ముందు గొంతు తగ్గించి, రెండు మాత్రలు కొనుక్కుంటారు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్ వన్ కింద చాలా యాంటీబయాటిక్స్‌ని చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవి రిజిస్టర్లో రాయాలి. రెండు మాత్రలతో మంట తగ్గుతుంది. మిగతావి కొనరు. హాస్టల్ ఫీజు కట్టాలి కదా.

ఫ్లెమింగ్ లెక్కలో ఈ పిల్ల కూడా మిస్టర్ ఎక్సే, నిర్లక్ష్యంగా వాడిన మనిషి. కానీ ఆ బాత్రూం సంగతి ఎవరి నిర్లక్ష్యం? పైగా 'కోర్సు పూర్తి చెయ్యండి' అనే నీతి కూడా నిలబడలేదు. చాలా జబ్బులకి తక్కువ రోజుల మందే చాలని, అనవసరంగా ఎక్కువ రోజులు వాడితేనే ఒంట్లోని ఇతర బ్యాక్టీరియా నిరోధకత పెంచుకుంటుందని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే నిపుణులు రాశారు. డెబ్భై ఏళ్ల పాటు తప్పంతా మందు మింగేవాళ్ల మీదే వేస్తూ వచ్చాం.

ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో పటాన్‌చెరు ఉంది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధిచేసే అక్కడి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అంతకుముందు కథలో మన గర్వం కూడా కలిసి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. కోడిపిల్లల దాణాలో అదే మందు కలిపితే తొందరగా పెరుగుతాయని అదే కంపెనీ కొద్దికాలంలోనే కనిపెట్టింది. ఐసీయూలో ఆఖరి మందుగా వాడే కొలిస్టిన్‌ని మన దేశంలో కోళ్ల దాణాలో కలపడం నిషేధించింది 2019లో మాత్రమే. హాస్టల్ పిల్ల రెండు మాత్రల్ని వీటి పక్కన పెట్టి తూచండి.

ఇక మందులు కలపడం గురించి. ఒక మందు పనిచెయ్యకపోతే రెండు కలిపితే పనిచేస్తుందా అన్నది ల్యాబులో చూసే పద్ధతి చదరంగం బల్లలా ఉంటుంది. 8 అడ్డవరసలు, 12 నిలువు వరసలు, 96 చిన్న గుంటల ప్లాస్టిక్ పళ్లెం. ఒక మందు మోతాదు అడ్డంగా మారుతూ పోతుంది, రెండోది నిలువుగా. ప్రతి గుంటలో రోగి నుంచి తీసిన బ్యాక్టీరియా వేసి రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. పొద్దున ఏ గుంట మసకబారింది, ఏది తేటగా ఉంది అని చూస్తారు. విడివిడిగా పనికిరాని మోతాదుల్లో రెండూ కలిసి తేటగా ఉంచితే ఒకదానికొకటి తోడైనట్టు. ఒక్కోసారి ఒకదాని పనిని ఇంకోటి చెడగొడుతుంది కూడా.

కొన్ని జోడీల వెనక మంచి తర్కం ఉంది. కార్బపెనెమ్‌లని విరగ్గొట్టే ఎన్‌డీఎం అనే ఎంజైమ్ ఉంది. న్యూఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన రోగిలో 2008లో కనబడింది కాబట్టి దానికి ఆ ఊరి పేరే పెట్టారు, పేరు గురించి 2010లో మన ప్రభుత్వం చాలా నొచ్చుకుంది. ఎన్‌డీఎం ఆజ్‌ట్రియోనామ్ అనే మందుని ఏమీ చెయ్యలేదు. కానీ అదే బ్యాక్టీరియాలో ఉండే వేరే ఎంజైమ్‌లు ఆ మందుని తినేస్తాయి. వాటి నోరు కట్టెయ్యడానికి అవిబాక్టామ్ తోడుంటే ఆజ్‌ట్రియోనామ్ తన పని చేసుకుపోతుంది. 2024లో ఈ జోడీకి యూరప్‌లో అనుమతి వచ్చింది. అన్నీ ఇలా ఉండవు. పళ్లెంలో బాగా కనిపించిన కొలిస్టిన్, మెరోపెనెమ్ జోడీని ఇజ్రాయెల్, గ్రీస్, ఇటలీల్లో 406 మంది రోగుల మీద పరీక్షించారు. కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలేమీ కనబడలేదని 2018లో తేలింది. అంతవరకూ ఎందరు డాక్టర్లు ఎందరు రోగులకి నమ్మకంతో ఆ రెండూ ఎక్కించి ఉంటారో!

మా చిన్నమ్మకి ఎక్కించింది అలాంటి ఒక జోడీనే. కిడ్నీలో రాళ్లకి ఆపరేషన్ అయ్యాక, నగరంలోని ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో, క్లెబ్సియెల్లా రక్తంలోకి పాకింది. కల్చర్ రిపోర్టు నా చేతికిచ్చారు. మందుల పేర్ల పక్కన ఆర్, ఆర్, ఆర్ అని కాగితం నిండా. చివర కొలిస్టిన్. "అన్నిటికీ రెసిస్టెంట్ మేడమ్, కొలిస్టిన్‌కి ఇంకోటి కలిపి ట్రై చేద్దాం" అన్నాడు డ్యూటీ డాక్టరు. నా వయసే ఉంటుంది, కళ్ల కింద నలుపు. సంతకం చిన్నాయన పెట్టాడు. అడ్మిషన్ రోజు పెట్టిన పెద్ద ఫారంలోనే అన్నీ ఉన్నాయట. చిన్నమ్మకి ఆ రోజు స్పృహ ఉంది. నన్ను చూసి మంచినీళ్లడిగింది. మందు గురించి ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. బతికింది. కిడ్నీలు దెబ్బతిని కొన్ని వారాలు డయాలసిస్‌కి తిరిగింది. జబ్బు వల్లా, కొలిస్టిన్ వల్లా, ఏదీ చెప్పలేమన్నారు. ఇంటికొచ్చాక ఒకరోజు, "ఏమెక్కిచ్చిండ్రే బిడ్డా నాకు?" అనడిగింది. భువనగిరిలో ముప్ఫై ఏళ్లు అంగన్‌వాడీ నడిపిన మనిషి. ప్రతి పిల్లకీ ఏ టీకా ఏ తారీఖున పడిందో రిజిస్టర్లో రాసినావిడ.

ఆ డాక్టరు తప్పు చేశాడని నేననను. వేరే దారి లేదు. నన్ను వదలని విషయం ఆ 'ట్రై' అనే మాట. అది ప్రయోగమే. కానీ దాన్ని ప్రయోగం అనరు, చికిత్స అంటారు. ప్రయోగం అంటే నైతిక కమిటీ కావాలి, రోగికి అర్థమయ్యే భాషలో సమ్మతిపత్రం కావాలి, హాని జరిగితే పరిహారం ఉండాలి, ఫలితం రాయాలి. చికిత్స అంటే ఇవేవీ అక్కర్లేదు. చిన్నమ్మ ఒంట్లో ఆ రెండు మందులు ఏం చేశాయో ఎక్కడా లెక్కలోకి రాలేదు. ఆవిడ నష్టం నుంచి తర్వాతి మనిషి నేర్చుకునేదీ లేదు.

స్త్రీవాదులుగా మనం వైద్య ప్రయోగాల్ని అనుమానంగా చూస్తూ వచ్చాం, సరిగ్గానే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. ఆశ్రమ హాస్టళ్లలో చాలామంది తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. కానీ ఒక సంగతి మళ్లీ చదవాలి. నిర్వాహకులు దాన్ని క్లినికల్ ట్రయల్ అని ఒప్పుకోలేదు. ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. ట్రయల్ అంటే వర్తించే రక్షణలన్నీ ఆ ఒక్క పేరు మార్పుతో జారిపోయాయి. ప్రయోగం అని ఒప్పుకోకుండా చెయ్యడమే ఎక్కువ ప్రమాదమని నాకు అక్కడే అర్థమైంది. కాబట్టి ఈ మందుల జోడీల విషయంలో నేను ట్రయల్స్ కావాలనే పక్షం. అందులో ఎవరు చేరాలన్నది వేరే ప్రశ్న. 1969లో తత్వవేత్త హాన్స్ జోనస్ ఒక మాట చెప్పాడు: ప్రయోగాన్ని బాగా అర్థం చేసుకోగలిగినవాళ్లు, కాదనే స్వేచ్ఛ ఎక్కువున్నవాళ్లు ముందు రావాలి, నిస్సహాయులు చివరికి. కానీ ఐసీయూలో ఆ వరస కుదరదు. అక్కడ అందరూ నిస్సహాయులే. అందుకే అడగడం అనే పని ఐసీయూ గుమ్మం దాటకముందే జరగాలి. ఆపరేషన్ ముందు రోజు, మంచం మీద లేచి కూర్చుని మాట్లాడగలిగినప్పుడు, ఆవిడనే.

దీనికి ఎదురువాదం ఒకటుంది, తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆఖరి మందుని ఇవాళ ఒకరికి వాడిన కొద్దీ రేపటి రోగికి పనికిరాకుండా పోతుంది, కాబట్టి ఆచితూచి వాడాలి, రోగి ఇష్టం ఒక్కటే చాలదు. నిజమే. కానీ పంజాగుట్టలో నిమ్స్ గేటు ఎదురుగా మందుల షాపుల ముందు కాసేపు నిలబడితే, ఎవరిని ఆచితూచి వాడమంటున్నామో కనబడుతుంది. చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఒక్కో వయల్ కొంటున్న ఆడవాళ్లు. అందరూ తిన్నాక మిగిలింది తినడం అలవాటైనవాళ్లని దాచిపెట్టమనడం సులువు. పటాన్‌చెరు వాగులో పోసినప్పుడు ఆ పొదుపు ఎవరికీ గుర్తురాలేదు.

ఈ మధ్య నేను ఒక పేజీ రాశాను. రెండు మందులు కలిపి వాడబోయే ముందు రోగితో ఏం చెప్పాలి, తెలుగులో. 'ఇవి కలిస్తే మేలని రుజువు పూర్తిగా లేదు. కిడ్నీలకి దెబ్బ తగలొచ్చు. వద్దనే హక్కు మీకుంది. ఏం జరిగిందో రాసిపెడతాం, మీకూ ఒక కాపీ ఇస్తాం' ఇలా. మైక్రోబయాలజీలో ఉన్న స్నేహితురాలికి చూపించాను. రెండు వాక్యాలు కొట్టేసి, ఒక మాట కింద గీత గీసింది. నేను 'మందులకి లొంగని మొండి బ్యాక్టీరియా' అని రాశాను, పేపర్లలో రాసినట్టే. "లొంగనిది, మొండిది. ఇవి మనల్ని అనే మాటలు కదే" అంది. 'నిరోధకత' అంటే చిన్నమ్మలాంటి వాళ్లకి అందదు. 'మందు పారని' అని రాసి చూశాం. తన ల్యాబులో పనిచేసే ఆయమ్మ చదివి, మందు చేతికి అందలేదనా దీనర్థం అనడిగింది. ఆ చోటు ప్రస్తుతానికి ఖాళీగా వదిలేశాం.