ఉహుద్ మరునాడు



ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మన కర్నూలు, కడప వీధుల్లో కొన్ని ఇళ్ళ తలుపులు తెరుచుకోవు. లోపల తప్పిన బిడ్డ తలవంచుకుని కూర్చుంటాడు. 'నా పరువు తీశావు' అంటాడు తండ్రి. పక్కింటి పిల్లవాడి మార్కులు ఏకరువు పెడుతుంది తల్లి. ఆ రాత్రి ఆ లేత మనసులో షైతాన్ ఎంతటి నిరాశను ఊదుతాడో తలచుకుంటే గుండె వణుకుతుంది. అటువంటి తల్లిదండ్రుల ముందు మేము ఉహుద్ సంఘటనను ఉంచదలచాము.

అది హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625). మదీనా చెంతనున్న ఉహుద్ కొండ దగ్గర మహాప్రవక్త (స) 50 మంది విలుకాండ్రను ఒక గుట్టపై నిలిపారు. గెలిచినా, ఓడినా అక్కడి నుండి కదలవద్దని ఆజ్ఞాపించారు. మొదట ముస్లిములదే పైచేయి అయింది. అది చూసి విలుకాండ్రలో చాలామంది విజయధనం కోసం కిందికి దిగారు. శత్రు అశ్వికులు వెనుక నుండి విరుచుకుపడ్డారు. సుమారు 70 మంది సహాబాలు షహీదులయ్యారు. మహాప్రవక్త (స) కూడా గాయపడ్డారు.

దివ్యఖుర్ఆన్ ఈ ఎదురుదెబ్బను దాచలేదు. ఆజ్ఞ మీరడం, ప్రాపంచిక లాభంపై ఆశ - ఇవే కారణాలని ఆలి ఇమ్రాన్ సూరా స్పష్టం చేసింది. కాని అదే సూరా 159వ ఆయత్ భావం గమనించండి. వారిని మన్నించమని, వారి కోసం క్షమాభిక్ష వేడుకోమని, వ్యవహారాల్లో వారిని సంప్రదించమని అల్లాహ్ తన ప్రవక్తను ఆదేశించాడు. తప్పు చేసినవారిని సభ నుండి వెళ్ళగొట్టమనలేదు, వారి సలహా అడగమన్నాడు! నిర్ణయం జరిగాక తనపై భారం వేయమన్నాడు.

మరునాడే శత్రువును వెంబడించాలని పిలుపు వచ్చింది. ముందురోజు దెబ్బతిన్నవారే గాయాలతో లేచి హమ్రాఉల్ అసద్ వరకు నడిచారు. శత్రుసేన వెనక్కి రాలేదు, మక్కా దారి పట్టింది.

తప్పును తప్పని చెప్పాలి, మనిషిని మన్నించాలి, మరునాడే లేవాలి. మనమేమో మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాము.

మన కళ్ళ ముందున్న కె.సి. కాలువనే చూడండి. 1860లలో ఒక ఆంగ్లేయ కంపెనీ సుంకేసుల నుండి కడప దాకా దానిని తవ్వించసాగింది. సాగునీటి మీద, పడవల మీద లాభం వస్తుందనుకుంది. రాలేదు. 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. తరువాత పడవలూ ఆగిపోయాయి. అయినా కాలువను ఎవరూ పూడ్చలేదు. నేటికీ అది మన పొలాలను తడుపుతూనే ఉంది. ఒక పనిలో నెగ్గని బిడ్డ కూడా అంతే. వాడిని పూడ్చిపెట్టే మాట అనకండి.

అలాగని 'తఖ్దీర్' అంటూ చేతులు ముడుచుకుని కూర్చోవడం తవక్కుల్ కాదు. ఫలితాల రాత్రి బిడ్డను మీ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. 'ఎక్కడ తడబడ్డావు బేటా? ఇప్పుడేం చేద్దాం?' అని అడగండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి. తెల్లవారి ఫజ్ర్ నమాజు కాగానే సప్లిమెంటరీ పరీక్షకు పుస్తకం తీయించండి.

పడినవారిని లేపే చేతులను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.