గాయము నిజమైనచో కథ నిజమగునా?

అమెరికా దేశమున పెరిగి, టెలివిజను మూలమున మన యిండ్ల నడిమింటికి వచ్చి కూర్చున్న మల్లవినోద మొకటి కలదు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ అని దానికి పేరు. 2023వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన హైదరాబాదున గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడామందిరమున డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. వారు దీనిని ప్రదర్శించిరి. జాన్ సీనా యను మల్లుని కన్నులార చూచుటకై మన పిల్లలు ఉవ్విళ్లూరిరి. పెద్దలు మాత్రము “అంతయు బూటకము, ముందుగ మాట్లాడుకొన్న కుస్తీ” అని పెదవి విరుతురు. ఆ యొక్కమాటతో తీరునంతటి విషయమేనా యిది యని మా సందేహము.

జయాపజయములు ముందుగనే నిర్ణయింపబడుననుట నిజము. 1989లో ఆ సంస్థవారే, అప్పటి పేరున డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. వారు, న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల యెదుట తమది వినోదమే గాని పోటీ కాదని ఒప్పుకొనిరి. క్రీడలపై నుండు ప్రభుత్వపు తనిఖీలను తప్పించుకొనుటకే సుమా, సత్యవ్రతముచేత గాదు! అయినను ముందుగ నిర్ణయించిన దెల్ల మోసమగునా? 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభవారి రంగస్థలముపై సత్యభామగా కీర్తిగన్న స్థానం నరసింహారావుగారు పురుషులని యెరుగని ప్రేక్షకుడు లేడు. తులాభారపు కథ తుదకేమగునో యెరుగనివాడును లేడు. తెర లేచిన తోడనే ఆ యెరుక నెల్ల మూటగట్టి ప్రక్కన బెట్టి, భామ కోపమునకు బెదరి, భామ దైన్యమునకు కరగిన తెనాలివారు బుద్ధిహీనులా? ఆ నమ్మిక సభ నటునకు పెట్టు అప్పు వంటిది. వీరఘట్టమున పుట్టి కలియుగభీముడనిపించుకొన్న కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలిపినప్పుడు అట్టి యప్పుతో పనిలేదు. ఆ బలము కొలతకు నిలుచును. ఈ మల్లరంగమున నున్నవాడో, రామమూర్తిగారి వంటి శరీరము దాల్చి స్థానంవారి పని చేయుచున్నాడు. తగవంతయు ఇక్కడనే పుట్టినది. చూచువాడు ఆ శరీరమును చూచి కొలత కోరును. నటునకు కావలసినది నమ్మిక.

ఆ పని యెట్టిదో కొంచెము వివరింతుము. రంగమనగా ఇనుప దూలములపై చెక్కపలకలు పరచి, వానిపై పలుచని మెత్త వేసి, గుడ్డ కప్పినది, దూదిపరుపు గాదు. పడువాడు గడ్డమును రొమ్మున కానించి, ఊపిరి విడిచి, వీపంతయు ఒకేసారి తాకునట్లు, చేతులు చాచి నేలను చరచుచు పడును. దెబ్బ ఒక్కచోట చేరక ఒడలెల్ల పంచుకొనును. ఎత్తి పడవేయువాడు వాని మెడను కనిపెట్టియుండును. ఎత్తబడువాడు తానును ఎగిరి సాయపడును. బద్ధశత్రువులుగ కనబడు నా యిద్దరును ఒకరి ప్రాణమును మరియొకరి చేతిలో పెట్టినవారు. నిజముగ దెబ్బ తగిలినచో మధ్యవర్తి చేతులు రెండును అడ్డముగ కలిపి పైకెత్తి లోపలివారికి తెలుపును. ఇక కథ. మోకాలు దెబ్బతిన్నట్లు నటించినవాడు అరగంట తరువాత గెలిచినను కుంటుచునే గెలువవలెను. కుంటుట మరచెనా, కథ చచ్చినదే. ప్రతినాయకుడు మధ్యవర్తి చూడనప్పుడే అధర్మము చేయవలెను. సభలోని ప్రతి బాలుడును “అదిగో, అదిగో” యని కేకవేయవలెను గదా!

ఇందు హార్డ్‌కోర్ అనబడు శాఖ యొకటి బయలుదేరినది. నియమములు లేని కుస్తీ యిది. ఇనుప కుర్చీలు, ముళ్లతీగ, ట్యూబులైట్లు ఆయుధములు. జపానులో అట్సుషి ఒనీటా 1989లో స్థాపించిన ఎఫ్.ఎం.డబ్ల్యూ. అను సంస్థ రంగము చుట్టు త్రాళ్లకు మారుగా ముళ్లతీగను కట్టెను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు ఇ.సి.డబ్ల్యూ. వారు 2001లో మూతబడువరకు ఈ మార్గమునే నడచిరి. మణికట్టు పట్టీలో దాచుకొన్న బ్లేడుముక్కతో తన నుదురు తానే చీల్చుకొనుట అంతకు పూర్వమే కల యాచారము. ఏల యిది? కథ చాలదా? అంతయు బూటకమను వెక్కిరింతకు నటుడు చెప్పిన జవాబే ఆ రక్తమని మా యూహ. సభ అప్పు పెట్టుట మానినది. అతడు తన చర్మమును తాకట్టు పెట్టెను. పెదవి విరిచి దూరముగ కూర్చున్న పెద్దమనుష్యులకును ఆ కుర్చీదెబ్బలో పాలు కలదు.

భరతుని నాట్యశాస్త్రము రంగమున ఆయుధములను పట్టవలదనలేదు. చీల్చుట, నరకుట, రక్తము కార్చుట కూడదనినది. సంజ్ఞతోనే చూపవలెను. ఇది సుకుమారుల నియమమని కొందరు తలతురు. ఊరుభంగమున భాసుడు భీమదుర్యోధనుల గదాయుద్ధమును రంగముపై చూపక ముగ్గురు భటులచేత చెప్పించును. పిదప తొడలు విరిగిన దుర్యోధనుని మన యెదుటకు తెచ్చును. చిన్నికుమారుడు దుర్జయుడు వచ్చి తండ్రి తొడపై కూర్చుండబోవును, తండ్రి వారించును, ఏల వలదో బాలునకు తెలియదు. అచ్చట ఒక్క రక్తబిందువు లేదు. గదదెబ్బ ఇంత లోతుగ దిగిన చోటు సంస్కృతనాటకములలో మరియొకటి మేమెరుగము.

దీని ప్రక్కన ఈ మల్లరంగపు టుదంతము నొకదానిని పెట్టి చూతము. మిక్ ఫోలీ అను మల్లుడు 1998 జూన్ 28న పిట్స్‌బర్గు నగరమున, ఇనుపవల పంజరము మీదినుండి, సుమారు 16 అడుగుల యెత్తునుండి, క్రిందనున్న బల్లపైకి త్రోయబడెను. అది అనుకొన్నదే. మరల పైకెక్కగా వల విరిగి రెండవసారి పడెను. అది యెవరును అనుకొన్నది కాదు. పన్ను ఊడినది. నెత్తురు నోటితో అతడు నవ్విన నవ్వులో గొప్ప నటుడున్నాడని ఒప్పుకొనక తప్పదు. మరుసటి యేడు జనవరి 24న అనహైములో, చేతులు వెనుకకు విరిచి సంకెళ్లు వేసిన అతని తలపై, రాక్ అను మల్లుడు ఇనుప కుర్చీతో 11 సారులు కొట్టెను. అనుకొన్న లెక్క అంతకు తక్కువ. భార్యయు చిన్నపిల్లలును ముందువరుసలో నుండిరి. ఇది ఆటయని పిల్లలకు ముందే చెప్పబడినది. అయినను ఏడ్చిరి. ఆ యేడుపు ‘బియాండ్ ది మ్యాట్’ అను 1999 నాటి చలనచిత్రమున నిలిచినది. దానిని చూచిన ఫోలీ, తాను మంచి తండ్రిననిపించుట లేదనెను. దుర్జయుని వేషము వేసిన బాలుడు తెర పడిన పిదప ఇంటికి పోయి అన్నము తినును. ఈ పిల్లలు వేషము వేసినవారు గారు.

ఆ పదునొకండవ దెబ్బ కథలో నేమి పని చేసినది? మూడవ దెబ్బకే అతని నిస్సహాయత సభకు తెలిసినది. తక్కిన వెనిమిదియు లెక్కకొరకు, మరల కొలతయే.

మన వీరభద్రుని యుత్సవములలో నాలుకకు నారసము గ్రుచ్చుకొనువారు లేరా యని కొందరడుగవచ్చును. ఆ మ్రొక్కుబడిని మేము సమర్థింపము. కాని దానిని మ్రొక్కినవాడు దేవునికి చెల్లించుచున్నాడు. చూచువాని సందేహము తీర్చుటకు గాదు. నిరుటికంటె ఈయేడు మరి రెండు నారసములు కావలెనని గుంపు అడుగదు.

మెదడు గాయములనుగూర్చి వైద్యులు హెచ్చరించిన పిదప, 2010లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. వారు కుర్చీతో తలపై కొట్టుట నిషేధించిరి. ముళ్లతీగ కుస్తీలు ఇతర సంస్థలలో సాగుచునే యున్నవి. తెనాలిలో విశ్రాంతివేళ బల్లలపైనుండి ఒకరిపై నొకరు దూకు బాలురు “నిజమా అబద్ధమా, మాస్టారూ?” అని మమ్మడుగుదురు. వారు నేర్చినది పైకి కనబడు దెబ్బ మాత్రమే. అబద్ధమని చెప్పి పంపివేయుట సులభము. మేము మాత్రము, ఈసారి చూచునప్పుడు దెబ్బ తినువానిని విడిచి, ఎత్తి పడవేయువాని చేతులను చూడుడని చెప్పుచుందుము. తలక్రిందుగ వ్రేలాడు వాని మెడయు వీపును ఆ చేతుల ఆనికలోనే యుండును.