పీకే ముందు పేరు తెలుసుకో బిడ్డా

హరిణ వనస్థలిలో ఈ సీజన్‌కు పనికి కుదిరావని మీ అమ్మ చెప్పింది. బాటనీలో డిగ్రీ చేసిన పిల్ల రోజుకూలీకి పోవడమేంటని కొంచెం చిన్నబోయింది కూడా. నాకు మాత్రం చాలా సంతోషమైంది బిడ్డా. అడవి శాఖలో నా ఉద్యోగమంతా ఇటువంటి నేలల మీదే గడిచింది. మొక్కను చూసి గుర్తుపట్టగల మనిషి చేతికి గడ్డపార రావడం అక్కడ ఎంత అరుదో నాకు తెలుసు. అందుకే నాలుగు మాటలు చెబుతాను, విను.

ముందు ఆ నేల ఎటువంటిదో తెలుసుకో. హైదరాబాద్‌లో విజయవాడ రోడ్డు పక్కనున్న ఆ 3,600 ఎకరాలు ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. జైన తీర్థంకరుడు మహావీరుడి 2,500వ నిర్వాణ ఉత్సవాల గుర్తుగా 1975లో ఆయన పేరు పెట్టి జింకల పార్కు చేశారు. 1994లో అది జాతీయ పార్కు అయింది. అక్కడ ముఖ్యమైన ప్రాణి కృష్ణజింక. దానికి చిక్కటి అడవి పనికిరాదు. దూరం నుంచే శత్రువును చూడాలి, చూడగానే పరుగు తీయాలి. అందుకు విశాలమైన గడ్డినేల కావాలి. కంప పెరిగి చూపుకు అడ్డొచ్చినచోట అది మేయడానికే జంకుతుంది. కాబట్టి పచ్చగా ఉన్నదల్లా మంచిదే అనుకోకు. నువ్వు కంప కొడుతుంటే నడకకు వచ్చినవాళ్లు ఆగి, పచ్చటి చెట్లను ఎందుకమ్మా నరుకుతున్నారని అడుగుతారు. విసుక్కోకుండా జింక సంగతి చెప్పు. వాళ్లు కూడా ఆ పార్కు మీద ప్రేమతోనే అడుగుతున్నారు.

నేను చెప్పదలిచిన అసలు మాట ఇది: పీకే ముందు పేరు తెలుసుకో. పేరు తెలియని మొక్క మీద చెయ్యి వేయకు. పక్కనున్న పెద్దమ్మలను అడుగు, లేదా ఆకు తుంచి సాయంత్రం పుస్తకంలో చూడు. అంతదాకా ఆ మొక్క అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

వానలు మొదలయ్యాక నీకు మొదట ఎదురయ్యేది వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర కనబడిన మొక్క ఇవాళ మన దేశంలో లేని చోటు లేదు. లేతగా ఉన్నప్పుడు చామంతి నారులా ఉంటుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకు వస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. అందుకే దానితో చేసే పనికి గడువు చాలా చిన్నది: నేల తడిగా ఉండాలి, పూత రాకూడదు. ఆ రోజుల్లో వేరుతో సహా సులువుగా వస్తుంది. తెల్లపూలు విచ్చాక పీకి గంపలో మోసుకుపోతే, దారి పొడవునా నువ్వే గింజలు చల్లినట్టు. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా దాన్ని ముట్టుకోకు. చర్మం దద్దుర్లెక్కుతుంది, కొందరికి ఉబ్బసం కూడా వస్తుంది. ఆకుల మీద తెల్లటి వీపు, గోధుమరంగు గీతలున్న చిన్న పెంకుపురుగు కనిపిస్తే నలపకు. 1980లలో మెక్సికో నుంచి తెప్పించి, ఈ మొక్కను తినడానికనే మన దేశంలో వదిలారు. తగిరిస గుబురుగా లేచినచోట కూడా చెయ్యి పెట్టకు. దాని నీడలో వయ్యారిభామ సరిగా ఎదగలేదు. రెండూ కలుపుమొక్కలేనని కలిపి పీకేస్తే మనకు సాయం చేసేదాన్ని మనమే తీసేసినట్టు అవుతుంది.

సర్కారు తుమ్మ కథ మన దగ్గరే మొదలైంది. జమైకా నుంచి తెప్పించిన గింజలను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో వేశారు. కరువు నేలల్లో వంటచెరకు దొరుకుతుందని మంచి ఉద్దేశంతోనే చేశారు. పశువులు, మేకలు తియ్యటి కాయలు తిని, పేడతో ఊరూరా గింజలు చల్లాయి. దాన్ని మొదలు పైకి నరికితే లాభం లేదు. నరికినచోటే పది కొమ్మలు లేస్తాయి. నేలలోపల మొదలున్నంత మేరా తవ్వి తీయాలి. ముల్లు గుచ్చుకుంటే లోపల విరిగి చీము పడుతుంది, అలక్ష్యం చేయకు.

లంటానా విషయంలో మరింత ఓపిక కావాలి. పూలతోటల అందం కోసం తెల్లదొరలు తెచ్చిన మొక్క, దేశంలో లక్షల ఎకరాల అడవిని కప్పేసింది. నరికితే చిగురిస్తుంది, కాల్చినా చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం ఒక పద్ధతి చూపించింది. మొదలు చుట్టూ కొంచెం తవ్వి, చిగుర్లు పుట్టే భాగానికి కిందుగా తల్లివేరును కోసి, పొద మొత్తాన్ని ఎత్తి తలకిందులుగా పెట్టాలి. వేర్లు మన్ను తాకకుండా ఎండిపోతే ఇక లేవదు. ఎత్తే ముందు పొదలోపలికి ఒకసారి తొంగిచూడు, పికిలిపిట్ట గూడు ఉండొచ్చు. ఉంటే ఆ పొదను పిల్లలు ఎగిరిపోయేదాకా వదిలేయమని గార్డుకు చెప్పు. ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉంటే మళ్లీ అదే వస్తుంది. అక్కడ మన గడ్డిగింజ చల్లాలి, రెండుమూడేళ్లు కనిపెట్టాలి. పిట్టలు వాలే చెట్ల కింద ముందు వెతుకు, పండ్లు తిని అవి గింజలు వదిలేది అక్కడే. ఏ పొదను తీయాలన్నా రేంజి ఆఫీసు చెప్పిన మేరకే చెయ్యి. జాతీయ పార్కులో పుల్ల కదపడానికి కూడా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి ఉండాలి.

తీసే పని ఎంత ముఖ్యమో, తీయకుండా ఉండటం అంతకంటే ముఖ్యం. ఊళ్లోని పార్కుల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ కూడా ఆకులు ఊడ్చి కుప్పలు పెడతారు. కాలిబాట మీద ఊడవండి, లోపల వద్దు. ఆ ఆకుల కింద చెమ్మ ఉంటుంది, పురుగులుంటాయి, వాటికోసం కౌజులు వస్తాయి. ఎండిన మాను తొర్రలో పైడికంటె కాపురముంటుంది. బట్టలకు గుచ్చుకునే ముల్లుగింజల గడ్డి చిరాకు పెడుతుంది, కానీ అది మన నేల గడ్డి. దాన్ని ఉండనీ. వేసవిలో తీతువు నెత్తిమీద తిరుగుతూ అరిస్తే అపశకునమని మనవాళ్లు భయపడతారు. నువ్వు ఆగి కాళ్ల దగ్గర చూడు. గులకరాళ్ల మధ్య రాళ్ల రంగులోనే దాని గుడ్లు ఉంటాయి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, ఆ పక్క పని మరో నెల ఆపమని చెప్పు.

మళ్లీ ఎండలు ముదిరేసరికి భయమంతా నిప్పుది. ఆ గడ్డికి ఒక్క బీడీముక్క చాలు. ఫిబ్రవరి దాటకముందే ఫైర్ లైన్లు గీసి, వాటి మీద రాలిన ఆకును ఎప్పటికప్పుడు తీసేయాలి. పొగ కనిపిస్తే ముందు ఫోన్, తర్వాతే పరుగు. గాలి ఎటు వీస్తుందో చూడకుండా మంటకు ఎదురు పోవద్దు. ఆ ఎండల్లోనే జంతువులు తాగే నీళ్ల సాసర్ పిట్లు నింపేవాళ్లు చాలామంది ఉంటారు, కడిగేవాళ్లు తక్కువ. పాచి గీకి కడుగు. ఒక పక్క నాలుగు రాళ్లు మెట్లలా పేర్చు. లోపల పడిన ఉడుత, తొండ వాటి మీదుగా ఎక్కి బతుకుతాయి.

నీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. చెప్పులతో గడ్డిలోకి దిగొద్దు. నిండు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. కట్లపాము, రక్తపింజరి తిరిగే నేల అది. కాటు పడితే కోతలు, బిగించి కట్టడాలు, మంత్రాలు ఏవీ వద్దు. కాలు కదపకుండా నేరుగా పెద్దాసుపత్రికి. ఎండాకాలం తెల్లవారుజామునే పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే నీడకు రా. సాయంత్రం మస్టర్‌లో హాజరు పడిందో లేదో చూసుకో. సీజన్ కూలికి పది రోజులు లెక్క తప్పితే నెల తిండి తప్పినట్టే. నీది చూసుకున్నప్పుడు చదువురాని పెద్దమ్మలవి కూడా చూసి చెప్పు. వాళ్లతో ఏ రోజూ పెద్దరికంగా మాట్లాడకు. ఏ వాగు పక్క ఏ గడ్డి ముందు లేస్తుందో, ఏ పుట్ట దగ్గరికి పోకూడదో వాళ్లకు తెలిసినంత నీ పుస్తకాలకు తెలియదు.

బతుకమ్మ రోజులు దగ్గరపడితే తంగేడు, గునుగు కోసుకుంటామని గేటు దగ్గర ఆడవాళ్లు అడుగుతారు. జాతీయ పార్కు లోపల పువ్వు కోయనివ్వరు, ఆ మాట మర్యాదగానే చెప్పు. గునుగును పొలంలో కలుపని పీకుతాం, పండుగకు వెతుక్కుంటాం. దసరాకు ముందు కంచె వెలుపల రోడ్డు గట్టున గడ్డి కోయాల్సి వస్తే తంగేడు, గునుగు మొక్కలను వదిలి కోయించు. అందరికీ సరిపోతాయి.

ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకో. తంగేడు ఎప్పుడు పూసింది, వయ్యారిభామ మొదట ఏ మూల మొలిచింది, తీతువు ఎక్కడ గుడ్లు పెట్టింది, లంటానా తీసినచోట ఏం లేచింది, తేదీ వేసి రాయి. సీజన్ పనివాళ్లు ఏటా మారతారు, వాళ్లు చూసింది వాళ్లతోనే గేటు దాటిపోతుంది. మన పార్కులకు జరుగుతున్న పెద్ద నష్టాల్లో ఇదొకటి. పని ముగిసిన రోజు ఆ బుక్కు నకలు రేంజి ఆఫీసులో ఇచ్చి రా. వచ్చే ఏడు నీ చోట ఎవరు నిలబడినా వాళ్ల చేతికి దాన్ని ఇవ్వమని గట్టిగా అడుగు.